పాదం కింద ఖాళీ

విజయనగరం,
ఆగస్టు 4

అత్తా,

పాదాలు తప్ప మిగతా నేనంతా బాగున్నాను. ఫోన్లో చెప్తే నీకు సగమే వినపడతాది, మిగతా సగం మావయ్య మధ్యలో దూరి తనకి తోచినట్టు చెప్తాడు. ఇక్కడ అకాడమీలో ఎలాగూ ఆదివారం ఒక్కపూటే ఫోన్లు ఇస్తారు. అందుకే రాస్తున్నాను. నువ్వూ తిరిగి రాయాలి, చదివి దిండు కింద పెట్టుకుని ఊరుకుంటే కుదరదు.

ఫారెస్ట్ బీట్ ఆఫీసరు రాతపరీక్ష గట్టెక్కానని తెలుసు కదా. ఇప్పుడు మిగిలింది నడక. ఆడవాళ్ళకి నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. నడువు, పరిగెత్తు, వాళ్ళకి అనవసరం, టైములోపల గీత దాటాలంతే. దమ్ముకి నాకు లోటు లేదు. పాదాలే మొండికేస్తున్నాయి. నాలుగైదు కిలోమీటర్లయ్యేసరికి పాదం బయటి అంచు మండిపోతాది, మడమ కింద సూదులు గుచ్చినట్టుంటాది. మా కోచ్ చంద్రమౌళి మాస్టారు నా బూట్లు తిరగేసి చూసి, అడుగంతా బయటివైపే అరిగిపోయిందన్నారు. నాది బాగా వంపున్న పాదమట. మధ్యలో నేలకి ఆనదు కాబట్టి బరువంతా మడమ మీద, వేళ్ళ మొదట్లో పడుతోందట. ఆ వంపు కింది ఖాళీని పట్టుకుని నిలబెట్టే ఇన్‌సోల్ బూట్లలో వేసుకోమన్నారు.

గంటస్తంభం దగ్గర షాపులన్నీ తిరిగాను. ఒకాయన చదునుపాదాలవాళ్ళవి చూపించాడు, ఇంకొకాయన షుగరున్నవాళ్ళవి చూపించాడు. నా పాదానికి ఏటి కావాలో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.

ఒకటి అడుగుతాను చెప్పు. నాన్న పాదాలు ఇలాగే ఉండేవా? అమ్మనడిగితే నాన్న మాటెత్తగానే లేచి వెళ్ళిపోతాది. నాకు నాన్న కొండ గుడి మెట్ల మీంచి పడి చనిపోయిన రోజు గుర్తుంది గాని పాదాలు గుర్తులేవు.

నీ మేనకోడలు,
తన్మయి


బొబ్బిలి,
ఆగస్టు 9

తన్మయీ తల్లీ,

నీ ఉత్తరం మీ మావయ్య గుమ్మంలోనే చింపి చదివేసి, "ఏటీ లేదు, బూట్ల గొడవ" అని నా చేతికిచ్చాడు. నేను చదివి వంటింట్లో పీట మీద కూలబడిపోయాను. పొయ్యి మీద పప్పు మాడి, వాసనకి ఆయనొచ్చి కట్టేదాకా నాకు తెలీలేదు.

అడిగావు కాబట్టి చెప్తన్నాను. మీ నాన్న పాదాలు అలాగే ఉండీవి. అడుగున పిడికిలి దూరేంత వంపు. మా నాయనమ్మ ఆ పాదాలు చూసి మురిసిపోయీది. ముప్పై దాటాక కాలు ఈడ్చడం మొదలెట్టాడు. చెప్పు ఊడిపోతే వాడికి తెలిసీది కాదు, నాలుగడుగులు పోయాక ఎవరో పిలిచి చెప్పాల. పిక్కలు సన్నబడిపోయాయి. గుళ్ళో హారతి పళ్ళెం పట్టుకుని తూలితే అర్చకుడు తాగొచ్చాడని జనం నవ్వుకునీవారు. నవ్వు కాస్తా పుకారైంది, పుకారు కాస్తా నిజమైపోయింది. మీ అమ్మా అదే నమ్మింది, ఇప్పటికీ అదే నమ్ముతన్నాది. నేను కాదంటే, అక్కవి కాబట్టి వెనకేసుకొస్తన్నావంటాది. మీ అమ్మనీ తప్పుపట్టలేను. వాణ్ణి ఏ డాక్టరూ చూడలేదు, చూపించాలని మా ఎవరి బుర్రకీ తట్టలేదు.

ఇప్పుడు నీ పాదమూ అలాంటిదేనని రాశావు. నాకు భయంగా ఉన్నాది తన్మయీ. వేరే మాట రాయడం చేతకావటం లేదు.

మన బజార్లో చెప్పుల షాపుకెళ్ళి బూట్లలో పరిచే జెల్లు అట్టలు కొన్నాను. ఎంత మెత్తగా ఉంటే పాదానికి అంత సుఖమని షాపాయన అన్నాడు, నాకూ అదే సబబుగా తోచింది. వాటి మీద దూది పరిచి నా పాత నేత చీర గుడ్డ చుట్టి కుట్టాను. ఉపేంద్రతో పంపిస్తన్నాను. నా దగ్గర వీణ నేర్చుకునే పిల్లకి అన్నయ్య, విజయనగరం బస్సులో కండక్టరు. నమ్మకస్తుడే గాని మాట కాస్త ఎక్కువ.

పాలు పోసే జగ్గమ్మ నీ సంగతి విని, "అడివిలో ఏటి ఉజ్జోగమమ్మా ఆడపిల్లకి, ఊర్లో ఏదో ఒకటి సూసుకోమని సెప్పండి" అన్నాది. నేను దాన్ని కసిరాను. కసిరాను గాని, మనసులో నాకూ ఆ మాటే ఉన్నాది.

మీ అత్త,
చూడామణి


విజయనగరం,
ఆగస్టు 17

అత్తా,

అట్టలు అందాయి. చాలా మెత్తగా ఉన్నాయి. చీర అంచు బూటులోంచి కనిపిస్తుంటే ఇక్కడందరూ అడిగి అడిగి చూశారు. నాకు బాగానే ఉంది, నువ్వు దిగులు పెట్టుకోకు.

ఇక్కడ వానలు. రెండ్రోజులు గ్రౌండుకి పోలేదు. నా పక్క మంచం పిల్ల లక్ష్మణమ్మది సాలూరు, వాళ్ళ నాన్న లారీ మీద రాయపూర్ వెళ్ళొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకొస్తాడు. ఈసారి పేలాల ఉండలు తెచ్చాడు, గది మొత్తం చీమలు.

నాన్న గురించి రాసింది మూడుసార్లు చదివాను. అమ్మకి ఏమీ చెప్పలేదు.

ఉంటాను.
తన్మయి


బొబ్బిలి,
ఆగస్టు 24

ఒసే పిల్లా,

నన్ను మోసం చెయ్యాలనుకుంటే ముందు ఉపేంద్ర నోరు కుట్టాల. పన్నెండో తారీకు, నీకు అట్టలిచ్చిన మర్నాడే, కోట జంక్షన్లో నువ్వు కుంటుకుంటూ రోడ్డు దాటడం బస్సులోంచి చూశాట్ట. ఎడమకాలు ఈడుస్తన్నావని, పక్కనున్న పిల్ల భుజం పట్టుకుని నడిచావని చెప్పాడు. నువ్వేమో చీమలూ పేలాల ఉండలూ రాసి ఊరుకున్నావు. దెబ్బ తగిలితే తగిలిందని రాసుందువు. రాయలేదంటే తగలకుండానే కుంటుతన్నావన్నమాట.

మీ నాన్నా ఇలాగే దాచాడు. ఏటిరా అంటే చెప్పు కరిచిందక్కా అనీవాడు. ఏడాది పొడుగునా చెప్పు కరుస్తాదా?

నీకు ఉత్తరాల్లో నిజం రాయడం రాదు కాబట్టి నీ పాదాన్నే అడుగుతాను. మన ఇంట్లో అర్చకత్వం చేసినవాళ్ళు పోతే పాదాలకి పసుపు రాసి తెల్లగుడ్డ మీద అచ్చు తీసి దాచుకుంటాం, నీకు తెలుసు. మీ నాన్నది నా దగ్గర దేవుడి అలమరలో ఉన్నాది. నువ్వు కూడా పాదాలు పసుపునీళ్ళలో ముంచి కాగితం మీద ఒత్తి పంపించు. రెండూ పక్కన పెట్టి చూసుకుంటాను. చూస్తే గాని నాకు ముద్ద దిగదు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని మీ మావయ్య వెక్కిరిస్తన్నాడు. పెన్ను బాగోలేదు.

చూడామణి


విజయనగరం,
ఆగస్టు 30

అత్తా,

ఇదిగో పాదాలు. మెస్సులో పసుపు అడిగితే వంటామె నాకేదో వ్రతమనుకుంది. మంచం మీద కూచుని పాత పేపరు మీద ఒత్తాను. పేపరు కింద పెళ్ళి ప్రకటనలున్నాయి, వాటిని పట్టించుకోకు.

వీణ పాఠాలు చెప్పి నలుగురికి బుద్ధి నేర్పేదానివి, ఇదేం చాదస్తం? అలా అనుకుంటూనే ఒత్తాను గాని ఒత్తాక నాకూ భయమేసింది. మధ్యలో ఏమీ లేదు అత్తా. మడమ ఒకచోట, వేళ్ళొకచోట, మధ్యలో ఉత్త కాగితం. రెండు ముక్కలూ వేర్వేరు మనుషులవేమో అన్నట్టున్నాయి.

అప్పట్నించి పొద్దున్న లేవగానే దారంతో పిక్కలు కొలుచుకుంటున్నాను. నిన్న ఎడమది సన్నబడినట్టనిపించి అరగంట ఏడ్చాను. దారం మళ్ళీ చుడితే సరిపోయింది. అడవిలో వేలుపట్టి నడిపించడానికి ఎవరూ ఉండరు. నడవలేని కాలు పెట్టుకుని ఆ ఉద్యోగం ఏం చేస్తాను? ఈ ఆలోచన నా బుర్రలోకి ఎక్కించింది నువ్వే.

తన్మయి


బొబ్బిలి,
సెప్టెంబరు 5

తల్లీ,

రెండు అచ్చులూ కలిశాయి. మీ నాన్న గుడ్డ నేల మీద పరిచి, పక్కన నీ పేపరు పెట్టాను. అదే వంపు, మధ్యలో అదే ఖాళీ. మీ మావయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి ఈసారి నవ్వలేదు, చెప్పులేసుకుని బయటికి పోయాడు.

నేను ఆలోచించి ఒక పని చేశాను. నీకు కోపమొస్తాదని తెలుసు. మీ చంద్రమౌళి మాస్టారికి ఉత్తరం రాశాను. పిల్ల తండ్రికి కాళ్ళ జబ్బుండేదని, పిల్లకీ మొదలైందని అనుమానంగా ఉన్నాదని, డాక్టరు చూసి చెప్పేదాకా నడిపించొద్దని దండం పెట్టి రాశాను. మెట్ల మీంచి పడ్డవాణ్ణి నలుగురు మోసుకొచ్చి నా ముందు దింపారు. అలాంటి రోజు ఇంకోటి నేను చూడలేను. ఉద్యోగం లేకపోతే లేదు, మనిషి ఉండాల.

తిడితే తిట్టు. ముందు డాక్టరు దగ్గరికెళ్ళు.

చూడామణి


విజయనగరం,
సెప్టెంబరు 13

అత్తా,

వారం రోజులుగా నేను గ్రౌండు బయట కంచె పట్టుకుని నిలబడి, మిగతావాళ్ళు నడుస్తుంటే చూస్తున్నాను. డాక్టరు కాగితం లేకుండా లోపల అడుగు పెట్టొద్దన్నారు మాస్టారు. నడక పరీక్ష వచ్చేనెల పదో తారీకున. నీ మీద నాకు ఎంత కోపమొచ్చిందంటే, ఈ ఉత్తరం మొదలెట్టి రెండుసార్లు చింపేశాను.

ఇప్పుడు నిజం చెప్తాను, విను. నేను కుంటింది నీ అట్టల వల్ల. మెత్తటివి వేసుకుని నడిస్తే పాదం కింద ఏదీ నిలవలేదు, అటూ ఇటూ ఊగిపోయి, మూడో రౌండులో చీలమండ మడతపడి కిందపడ్డాను. బెణికింది, వాచింది, పది రోజులకి తగ్గింది. నీ చీర చింపి కుట్టి పంపావు, దానివల్లే పడ్డానని ఎలా రాయను? అందుకని నోరు మూసుకున్నాను. నేను మూసుకుంటే నువ్వు దాన్ని జబ్బు చేసేశావు.

ఎముకల డాక్టరమ్మ దగ్గరకెళ్ళాను. నువ్వడిగావని అచ్చు సంగతి కూడా చెప్పాను, నవ్వుతాదనుకున్నాను, నవ్వలేదు. అచ్చు తీసినప్పుడు నిలబడ్డావా, కూచున్నావా అని అడిగింది. మంచం మీద కూచున్నానంటే, పాదాలు తడిపించి నేల మీద నిలబెట్టింది. మధ్యలో ఖాళీ ఉంది గాని బయటి అంచున సన్నటి తడి గీత ఒకటి మడమకీ వేళ్ళకీ మధ్య కలిసింది. "బరువు మోయని పాదం అచ్చుని బట్టి ఏమీ చెప్పలేం. పోయిన మనిషి పాదం అసలే బరువు మోయదు కదమ్మా" అంది. పడుకున్నవాళ్ళ పాదాలు ఎవరివైనా దాదాపు అలాగే పడతాయట. నువ్వు పక్కపక్కన పెట్టి చూసుకున్నది అదీ.

తర్వాత మడమల మీద నడవమంది, నడిచాను. మునివేళ్ళ మీద, నడిచాను. మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టింది, కాలు ఎగిరింది. నాది ఉత్త వంపు పాదమే కావచ్చట. ఇన్‌సోల్ ఎలాంటిది కావాలో కూడా ఆవిడే చెప్పింది. మెత్తనిది కాదు. బొటనవేలితో నొక్కితే అణిగిపోకూడదు. మడమ కూచునే గిన్నె లోతుగా ఉండాలి, పాదం వంపుకి ఆనుతూ ఉండాలి, ఎత్తి పొడవకూడదు. బూటులో ముందే ఉన్నది తీసేసి ఇది వెయ్యాలి, రెండూ కలిపి వేస్తే మడమ బయటికొచ్చేస్తాది. మొదట్లో రోజుకో గంట, ఆ తర్వాత పెంచుకోవాలి. మా మాస్టారు విశాఖ నుంచి తెప్పించారు. మూడు జతలు వేసి చూసి మూడోది ఉంచుకున్నాను. దాని మీద నిలబడితే, పాదం మొత్తం నాదే అనిపించింది అత్తా, మొదటిసారి.

కాని అయిపోలేదు. నాన్న గురించి చెప్పినదంతా ఆవిడ రాసుకుంది. చెప్పు ఊడిపోయినా తెలీకపోవడం, పిక్కలు సన్నబడడం, తూలడం. అలాంటి నరాల జబ్బు కుటుంబాల్లో వస్తాదట, పాదాల వంపుతోనే మొదలవుతాదట. నన్ను విశాఖలో నరాల పరీక్షకి రాసింది. నాన్న తోడబుట్టినవాళ్ళు ఉంటే వాళ్ళనీ తీసుకురమ్మంది. నువ్వొక్కదానివే కదా. రా.

తన్మయి


బొబ్బిలి,
సెప్టెంబరు 19

తన్మయీ,

నా అట్టలే నిన్ను పడేశాయని చదివి తల తిప్పుకుని కూచున్నాను. మాస్టారికి మళ్ళీ రాస్తాను, తప్పు నాదని. నీ రోజులు పోగొట్టాను.

పరీక్షకి మాత్రం రాను. నీకు కూడా వద్దులే. కాలు ఎగిరింది కదా, మడమల మీద నడిచావు కదా, చాలదా? లోపల ఏటుందో తవ్వి చూసుకోవడం ఎందుకు?

ఇంతవరకూ రాసి పక్కన పెట్టేశాను. మావయ్య చదివి, డాక్టరు దగ్గరికెళ్ళు డాక్టరు దగ్గరికెళ్ళు అని పిల్ల ప్రాణం తీసినదానివి నువ్వే కాదా అన్నాడు. నిజమే. అందుకని రెండో పేజీ రాస్తన్నాను.

కిందటి దసరా నుంచి నా ఎడమచేతి వేలు వీణ మెట్టు మీద నిలవటం లేదు. తీగ లాగి గమకం పట్టబోతే వేలు జారిపోతాది. పిల్లలకి చలికి వేళ్ళు బిగిశాయని చెప్పాను. ఎండాకాలం వచ్చాక వయసైందన్నాను. కుడిచేతికి పెన్ను ఆగటం లేదు. గడప దాటేటప్పుడు బొటనవేలు తగులుకుంటున్నాది, మొన్న పెరట్లో చెప్పొకటి వదిలేసి వంటింటిదాకా వచ్చేశాను. వెనక్కి తిరిగి చూస్తే చెప్పు అక్కడుంది. మీ నాన్నే నా వెనకాల నడుస్తన్నాడనిపించింది. నిన్ను చూసి భయపడుతుంటే నా సంగతి గుర్తు రాకుండా ఉండీది. అందుకే నీ పాదాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను.

నాకు చాలా భయంగా ఉన్నాది. వీణ తప్ప నాకింకోటి రాదు.

వస్తాను. నువ్వు పక్కనుండాల.

అత్త


విజయనగరం,
సెప్టెంబరు 24

అత్తా,

ఒకటో తారీకు, పొద్దున్న. నువ్వు మావయ్యా బొబ్బిలిలో రైలెక్కండి, నేను విజయనగరంలో ఎక్కుతాను. ముందు నన్నే పరీక్ష చెయ్యమంటాను. నొప్పి ఎంతుంటాదో చూసి నీకు చెప్తాను.

డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూసి మాస్టారు లోపలికి రానిచ్చారు. నిన్న పన్నెండు కిలోమీటర్లు నడిచాను. అంచు మండలేదు.

కోపం పోయింది. రెండో పేజీ చదివాక నీ మీద ఏ కోపం ఉంటాది? నాక్కూడా భయంగానే ఉంది, నీకోసమూ, నాకోసమూ. రా.

తన్మయి


నరసన్నపేట,
అక్టోబరు 9

తన్మయీ బంగారం,

ఇది పోస్టులో రావటం లేదు. మీ అమ్మ చేతికిచ్చి పంపుతన్నాను, నడక మొదలవకముందే నీకిస్తాది. అవును, నేను మీ అమ్మ దగ్గరే ఉన్నాను, కిందటి సోమవారం నుంచి.

విశాఖలో ఆ రోజు డాక్టరు చెప్పేది నాకు వినపడలేదు. పెదాలు చూస్తే ఏదో నెమ్మదిగా చెప్తన్నాడని తెలిసింది, నెమ్మదిగా చెప్పేవి మంచివి కావు. నువ్వు నా కళ్ళజోడు కేసు వెనక, "నాకు లేదు. నీకు ఉంది" అని రాసి చూపించావు. మొదటి రెండు మాటలు గబగబా రాశావు. తర్వాత రెండు మాటలకి నీ చెయ్యి ఆగిపోయింది, నేను చూశాను. ఆ జబ్బు ఉండుంటే నీ వయసుకే నరాల పరీక్షలో పట్టుబడేదని మావయ్య ఇంటికొచ్చాక మళ్ళీ మళ్ళీ రాసి చూపిస్తే గాని నేను నమ్మలేదు. నమ్మాక కడుపునిండా అన్నం తిన్నాను. నాది నెమ్మదిగా ముదిరే జబ్బట, మందు లేదట, ప్రాణం తియ్యదట. పిల్లలకి నోటితో పాడి పాఠం చెప్తాను, కొన్నాళ్ళు. ఆ తర్వాత సంగతి నాకు తెలీదు. మా అందరి ముందు నువ్వు ఏడవలేదు, రైల్లో మాత్రం కిటికీవైపే చూస్తూ కూచున్నావు.

ఇంటికొచ్చి రిపోర్టు తీసుకుని నేను తిన్నగా ఇక్కడికొచ్చేశాను. మీ అమ్మ షాపు నుంచి వచ్చేదాకా అరుగు మీద కూచున్నాను. కాగితం ఆవిడ చేతిలో పెట్టి, ఝాన్సీ, ఇది నా రిపోర్టు, ఇదే మా తమ్ముడికీ ఉండేదన్నాను. డాక్టరు అలాగే అన్నాడు, చూడకుండా రాసివ్వలేనన్నాడు గాని, మనం చెప్పిన లక్షణాలన్నీ ఈ జబ్బువేనన్నాడు. ఆవిడ నిలబడే చదివింది. ఇంగ్లీషు అర్థమైందో లేదో తెలీదు. నా కాళ్ళకేసి చూసింది, చీర కాస్త ఎత్తి పిక్కలు చూపించాను. అప్పుడు గోడకి ఆనుకుని కింద కూచున్నాది. నాకు వినపడేలా చెవి దగ్గరికొచ్చి చెప్పింది.

"పడిపోయిన పొద్దున్న ఆయన గుడికెళ్ళొస్తానని చెప్తే, నేను మొహం తిప్పుకున్నాను వదినా."

నేను ఆవిడ తల నిమిరాను. ఆ రోజు నుంచి ఆవిడ సరిగా అన్నం తినటం లేదు, నేనూ ఇక్కడే ఉండిపోయాను. నిన్న తనంతట తానే, పిల్ల నడకెప్పుడని అడిగింది. నీ చదువుకీ నీ పరీక్షలకీ ఎప్పుడూ రాని మనిషి, బస్సెన్నింటికని అడిగింది.

రేపు గీత దగ్గర నిలబడి ఉంటాది. నిన్ను చూసి ఏడిస్తే ఏడవనియ్యి, ఎందుకని అడక్కు. మీ నాన్న గురించి నీకు చెప్పాలట. నన్ను రాయొద్దన్నాది, తన నోటితోనే చెప్తానన్నాది.

బూటు తాడు బిగించి కట్టుకో. దారిలో నా గురించి ఆలోచించకు. నడిచి మీ అమ్మ దగ్గరికెళ్ళు. నా భయం సంగతి ఎల్లుండి చూసుకుందాం.

అత్త